రిజల్ట్స్ రాకముందే మీకొక విలువ ఉంది: దాన్ని రోజూ గుర్తుపెట్టుకుని బతకడం ఎలా

ఆదివారం మందిరంలో చప్పట్లు కొట్టి పాడతాం, "నేను దేవుని బిడ్డను" అని గట్టిగానే చెప్పుకుంటాం. ఆ వారంలోనే ఏదో పెళ్లికి వెళ్తే భోజనాల దగ్గర పెద్దమ్మ వరసయ్యే ఆవిడ "ఏరా, ఇంకా ఖాళీయేనా? మావాడికి మొన్నే ప్యాకేజీ పెరిగింది" అంటుంది. అంతే, ఇక ముద్ద దిగదు. ఆదివారం చెప్పుకున్న మాట నిజమే, కానీ అది మందిరం గేటు దాటి ఆ భోజనాల బల్లదాకా రాలేదు.

చిన్నప్పటి నుంచి చర్చిలో పెరిగినవాళ్లకి ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. మనకి వచనాలు కంఠతా వచ్చు, సండే స్కూల్లో బహుమతులు కూడా తెచ్చుకున్నాం, అయినా ఎవరో ఒక మాట అంటే నీరుగారిపోతాం, ఆపైన "నాకు విశ్వాసం లేదేమో" అని ఇంకో బాధ. విశ్వాసం లేక కాదు, దాన్ని రోజువారీ పనుల్లోకి తెచ్చుకునే అలవాటు లేక. అలవాటు చేసుకోవచ్చు. ఎలాగో కింద ఒక్కొక్కటిగా రాస్తున్నాను. అన్నీ ఒకేసారి నెత్తికెత్తుకోవద్దు, మొదటి రెండూ కుదిరాక మిగతావాటికి వెళ్లండి.

1. మీరు దేనితో కొలుచుకుంటున్నారో ముందు పట్టుకోండి

ఒక చిన్న నోట్‌బుక్ తీసుకోండి, ఫోన్‌లో నోట్స్ అయినా సరే. ఒక వారం పాటు, ఎవరి మాటకైనా మనసు చివుక్కుమంటే అది రాసుకోండి. ఎవరన్నారు, ఏమన్నారు, ఆ క్షణాన మీ గురించి మీరు లోపల ఏమనుకున్నారు. మనసు పొంగిపోయినప్పుడు కూడా రాయాలి, ఇది చాలామంది వదిలేస్తారు. మేనేజర్ అందరి ముందు మెచ్చుకున్నాడు, ఫోటోకి వంద లైకులు వచ్చాయి, పక్కింటి అబ్బాయికి సీటు రాలేదని తెలిసి లోలోపల హాయిగా అనిపించింది. అవును, అది కూడా. ఎవరూ చదవరు కాబట్టి ఉన్నదున్నట్టు రాయండి.

వారం చివర్లో చదువుకుంటే రెండు మూడు సంగతులే మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. ఇంటర్ పిల్లలకి ర్యాంకు. బీటెక్ అయిపోయి అమీర్‌పేట హాస్టల్లో ఉంటూ కోర్సు మీద కోర్సు చేస్తున్నవాళ్లకి జాబ్ కాల్. అమ్మాయిలకి ఒంటి రంగు, పెళ్లి చూపుల్లో ఎవరో వదిలేసిన మాట. పెళ్లయి నాలుగేళ్లయినవాళ్లకి "విశేషమేమైనా ఉందా" అనే ప్రశ్న. డల్లాస్‌లో ఉన్నవాళ్లకి వీసా. రిటైరైన నాన్నగారికి, ఇంట్లో ఎవరూ తనని సలహా అడగడం లేదన్న బాధ. చర్చి మనుషులకి ఇంకో రకం కొలత ఉంటుంది, అది భక్తి వేషంలో ఉంటుంది కాబట్టి దొరకదు. ఎంతసేపు ప్రార్థన చేశాం, ఎన్ని ఉపవాసాలున్నాం, పాస్టర్ గారు మన పేరు స్టేజీ మీద చెప్పారా లేదా.

సమూయేలు మొదటి గ్రంథం 16వ అధ్యాయం ఈ వారంలోనే ఒకసారి చదవండి. కొత్త రాజుని ఎంచడానికి బేత్లెహేములో యెష్షయి ఇంటికి సమూయేలు ప్రవక్త వెళ్తాడు, పెద్దకొడుకు ఏలీయాబు ఎత్తూ రూపమూ చూసి ఇతనే రాజు అనేసుకుంటాడు. అంతటి ప్రవక్తే కంటికి కనిపించినదాన్ని బట్టి తీర్పు చెప్పేశాడు. ఏడుగురు కొడుకులు వరసగా ఆయన ముందు నుంచి వెళ్తారు. చివరికి రాజుగా ఎంపికైన దావీదుని మాత్రం కన్నతండ్రి అసలు పిలిపించనే లేదు, "ఇంకా ఎవరూ లేరా" అని అడిగితే అప్పుడు, చిన్నవాడు ఒకడున్నాడు, గొర్రెల దగ్గర ఉన్నాడు అంటాడు. సొంత ఇంట్లోనే లెక్కలోకి రాని అనుభవం మీకుంటే, ఈ అధ్యాయం మీకోసమే రాసినట్టు ఉంటుంది.

2. ఏది ముందో, ఏది తర్వాతో తెలుసుకోండి

నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే, ఇది అర్థం కాకపోతే మిగతావన్నీ ఇంకో బరువైపోతాయి.

మత్తయి 3వ అధ్యాయం చివర చూడండి. యేసు యొర్దానులో బాప్తిస్మం తీసుకుని నీళ్లలోనుంచి ఒడ్డుకి వచ్చాడు. "ఈయనే నా ప్రియ కుమారుడు, ఈయనయందు నేనానందించుచున్నాను" అని ఆకాశం నుంచి శబ్దం వచ్చింది. అప్పటికి ఆయన ఏం చేశాడు? ఒక్క అద్భుతం చేయలేదు, ఒక్క ప్రసంగం చేయలేదు, ఒక్క శిష్యుడు కూడా లేడు. లూకా లెక్క ప్రకారం దాదాపు ముప్పై ఏళ్లు, ఆ ఏళ్లు చాలావరకు నజరేతు అనే ఊళ్లో, వడ్రంగి ఇంట్లో గడిచాయి. చెప్పుకోవడానికి ఏమీ లేని ఆ మనిషిని చూసి తండ్రి ఆనందిస్తున్నానన్నాడు.

వెంటనే 4వ అధ్యాయానికి రండి. నలభై రోజులు ఏమీ తినలేదు. అపవాది, అంటే సాతాను, వచ్చి అన్న మొదటి మాట "నీవు దేవుని కుమారుడవైతే". అంటే నువ్వెవరో నిరూపించుకో, రాళ్లని రొట్టెలు చేసి చూపించు అని. మీ నోట్‌బుక్‌లో రాసుకున్న మాటలు ఒకసారి దీని పక్కన పెట్టి చూడండి. "నువ్వు నిజంగా తెలివైనవాడివైతే ఈపాటికి సెటిలయ్యేవాడివి", "నువ్వు మంచి కోడలివైతే మీ అత్తగారు అలా ఎందుకంటుంది". అన్నీ ఒకే బాణీ. యేసు ఏదీ నిరూపించడానికి పోలేదు. తండ్రి ఒకసారి చెప్పాడు, అది చాలనుకున్నాడు. అద్భుతాలూ రోగుల్ని బాగుచేయడాలూ ఆ తర్వాత సంగతి.

మనం తిరగేసి బతుకుతున్నాం. ముందు సాధించాలి, తర్వాత ప్రేమించబడాలి. ఇంట్లో అలాగే పెంచారు, స్కూల్లో సెక్షన్లు కూడా మార్కుల్ని బట్టే వేశారు, కాబట్టి దేవుడు కూడా ప్రోగ్రెస్ కార్డు చూసి సంతకం పెడతాడని అనుకుంటాం. సువార్తలో ప్రేమ ముందు, పని తర్వాత. మీరు ఏమీ చేయకముందే తేలిపోయిన సంగతి ఇది. ఎంత మంచి రోజైనా దీన్ని పెంచలేదు, ఎంత చెడ్డ రోజైనా తగ్గించలేదు.

3. పొద్దున లేవగానే, ఫోన్ కంటే ముందు

పదిహేను నిమిషాలు చాలు. ఫోన్ రాత్రి వేరే గదిలో ఛార్జింగ్ పెట్టండి, అలారం కోసం అంటారా, గడియారం కొనుక్కోండి. పొద్దున్నే స్టేటస్‌లు చూస్తే పక్కవాళ్ల కొత్త ఇల్లు, కొత్త కారు, గృహప్రవేశం ప్రార్థన ఫోటోలు చూసి, మంచం దిగకముందే మన ఓటమి మనమే ప్రకటించేసుకుంటాం.

వారానికి ఒక్క వచనం తీసుకోండి. రోజుకొకటి మారిస్తే ఏదీ లోపలికి దిగదు, జనవరి ఒకటిన తీసుకున్న వాగ్దానం కార్డు ఫిబ్రవరికి ఎక్కడుందో తెలియనట్టే. మొదటి వారం యెషయా 43లోని "పేరుపెట్టి నిన్ను పిలిచియున్నాను నీవు నా సొత్తు" తీసుకోండి. రెండో వారం కీర్తన 139. మూడో వారం మత్తయి 10లో పిచ్చుకల మాట. పైకి వినపడేలా చదవండి. తర్వాత అదే మాటని మీ ఇంటి భాషలో దేవునితో చెప్పండి, "ప్రభువా, ఈరోజు ఇంటర్వ్యూ ఉంది, వాళ్లు నా పేరు కూడా సరిగ్గా పలకరేమో, నువ్వు మాత్రం పిలిచావు" అని. ప్రార్థన గ్రాంథికంలోనే ఉండాలని ఎవరూ అనలేదు. గొంతు మార్చి, మాట మార్చి ప్రార్థించేటప్పుడు మన అసలు భయాలు చాలావరకు బయటే ఉండిపోతాయి.

ఒక వారం పూర్తిగా హాగరుకి ఇవ్వమని ప్రత్యేకంగా అడుగుతున్నాను, ఆదికాండము 16. ఐగుప్తు నుంచి వచ్చిన దాసి, గర్భంతో ఉంది, యజమానురాలి బాధ పడలేక ఎడారిలోకి పారిపోయింది. కథని జాగ్రత్తగా చదవండి. యజమానురాలు శారయి, ఆమె భర్త అబ్రాము హాగరు గురించి మాట్లాడతారు, "నా దాసి", "నీ దాసి" అంటారే తప్ప ఇద్దరిలో ఒక్కరు కూడా ఆమె పేరు పలకరు. నీళ్ల ఊట దగ్గర దూత వచ్చి "శారయి దాసివైన హాగరూ" అని పిలుస్తాడు. ఆ కథలో ఎవరైనా ఆమెని పేరుతో పిలవడం అదే మొదటిసారి. తర్వాత రెండు ప్రశ్నలు, ఎక్కడ నుంచి వచ్చావు, ఎక్కడికి వెళ్తున్నావు. ఆమె చెప్పేది వినడానికి ఒకరు ఆగారు. ఆమె ఆ దేవునికి తనే ఒక పేరు పెట్టింది, "చూచుచున్న దేవుడవు నీవే" అని.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు వెళ్లలేను. దూత ఆమెని తిరిగి వెళ్లమన్నాడు కాబట్టి, భర్త కొట్టినా భార్య ఓర్చుకోవాలని ఈ భాగాన్ని వాడేవాళ్లున్నారు. అది తప్పు. హాగరుకి వచ్చిన మాట హాగరుకి, ఆ కాలానికి, ఆమె కడుపులోని బిడ్డ గురించిన వాగ్దానంతో కలిసి వచ్చింది. మీ ఇంట్లో మిమ్మల్ని కొడుతుంటే, "ప్రార్థన చేసుకో అమ్మా, మారతాడు" అని మాత్రమే చెప్పి పంపేసేవాళ్ల దగ్గరే ఆగిపోవద్దు. 181 మహిళా హెల్ప్‌లైన్, ఫోన్ చేయండి. దేవుడు చూస్తున్నాడంటే మీకు తగిలే దెబ్బల్ని కూడా చూస్తున్నాడు, వాటికి ఆయన ఒప్పుకోలేదు.

4. మీ పనిలో ఒక్క పనిని ఎంచుకోండి

"మీరేమి చేసినను అది మనుష్యుల నిమిత్తము కాక ప్రభువు నిమిత్తమని మనస్ఫూర్తిగా చేయుడి." కొలొస్సయులకు రాసిన పత్రిక 3వ అధ్యాయం. ఆఫీసు బల్లల మీద స్టిక్కర్లుగా కూడా కనిపిస్తుంది. దాని ముందు వచనం ఎవరితో మొదలవుతుందో చూశారా? "దాసులారా" అని. జీతం లేని, పేరు లేని, వద్దనే హక్కు లేని మనుషులకి చెప్పిన మాట అది. నువ్వు చేసే చాకిరీ ఎవరి కంటా పడకపోయినా, ఒకరు చూస్తున్నారు, ఆ పనిని తన పనిగా తీసుకుంటున్నారు అని. ఆ పత్రిక రాసిన పౌలు కూడా డేరాలు కుట్టి బతికినవాడే.

ఎలా ఆచరించాలి? రోజంతా చేసే పనులన్నీ ప్రభువు కోసం అనుకుంటే రెండో రోజుకే మర్చిపోతాం. ఒక్కటి పట్టుకోండి, అదీ ఎవరూ గమనించనిది. మన తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో నర్సులు చాలామంది ఉన్నారు కాబట్టి ఆ ఉదాహరణే చెప్తాను. పక్షవాతంతో కదల్లేని పేషెంట్‌ని సుమారు రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి, లేకపోతే వీపు మీద, తుంటి మీద పుండ్లు పడతాయి. రాత్రి మూడింటికి వార్డులో అందరూ నిద్రపోతుంటారు. తిప్పకపోయినా రిజిస్టర్‌లో తిప్పినట్టు రాసేయొచ్చు. ఆ సిస్టర్ లేచి, ఆ పెద్దాయన భుజం కింద చెయ్యి పెట్టి, దుప్పటి ముడతలు సరిచేసి, మెల్లగా తిప్పి, వీపు వెనక దిండు పెడుతుంది. ఆయనకి మెలకువ కూడా రాలేదు, థాంక్స్ చెప్పేవాళ్లు లేరు. పడాల్సిన పుండు పడలేదు, అంతే. ఆ పని ఎంత పెద్దదో నాకు తెలుసు, దేవునికి ఇంకా బాగా తెలుసు.

మీకు అలాంటిది ఏదో వెతుక్కోండి. రిపోర్టులో ఎవరూ చూడని కాలమ్ సరిగ్గా నింపడం కావచ్చు, బాలింత కూతురికి పథ్యం వండటం కావచ్చు, ఆటోలో దిగిన ముసలావిడ సంచి గుమ్మం దాకా మోయడం కావచ్చు. మొదలుపెట్టే ముందు "ఇది నీకు" అని ఒక్క మాట మనసులో అనుకోండి. చేశాక ఎవరికీ చెప్పకండి, స్టేటస్ అసలు పెట్టకండి.

అలాగని ఆఫీసు వాళ్లు జీతం ఎగ్గొట్టినా, ఆదివారం కూడా రమ్మన్నా ప్రభువు నిమిత్తమని తల వంచుకుని పోవాలని కాదు. కూలివాళ్ల జీతం బిగబట్టిన యజమానుల మీద యాకోబు పత్రిక 5వ అధ్యాయం ఎంత కోపంగా మాట్లాడుతుందో చదవండి. తన విలువ తెలిసిన మనిషి మర్యాదగా "కుదరదండీ" అని కూడా అనగలడు.

5. తప్పు చేసినప్పుడు దాక్కోకండి

ఇది చిన్నగా చెప్పేస్తాను. విలువ ఉందంటే తప్పులు లేవని కాదు. చేసిన తప్పుకి బాధపడటం వేరు, నేనే ఒక తప్పుని అనుకోవడం వేరు. మొదటిది మనిషిని లేపుతుంది, రెండోది పాతిపెడుతుంది. యేసుని పట్టుకెళ్లిన రాత్రి, శిష్యుడైన పేతురు చలిమంట దగ్గర మూడుసార్లు ఆయనెవరో తెలియదన్నాడు. తిరిగి లేచిన యేసు సముద్రం ఒడ్డున మళ్లీ నిప్పులు వేసి, చేపలు కాల్చి, ముందు తిండి పెట్టి, తర్వాత మూడుసార్లు నన్ను ప్రేమిస్తున్నావా అని అడిగి, మూడుసార్లూ పని అప్పగించాడు. తిట్టలేదు, పాత సంగతి దాచనూ లేదు.

కాబట్టి తప్పుని దాని పేరుతో చెప్పండి. "ఏవైనా పొరపాట్లు చేసివుంటే క్షమించు" అని గుండుగుత్తగా అనకుండా, "నిన్న అమ్మతో అబద్ధం చెప్పాను" అనండి. నష్టం జరిగితే భర్తీ చేయండి, సుంకాలు వసూలు చేసే జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు ఇస్తానన్నాడు. మళ్లీ మళ్లీ పడుతున్న విషయమైతే నోరు జారని ఒక్క మనిషికి చెప్పండి. ఆ తర్వాత, క్రీస్తులో ఉన్నవాళ్లకి ఇక శిక్ష లేదని చెప్పే రోమా 8:1 చదివి లేచి పనికి వెళ్లండి, వారమంతా తలదించుకుని తిరిగితే భక్తి ఎక్కువైనట్టు లెక్క కాదు.

6. సంఘంలో మీరు వినే లెక్కని సరిచూసుకోండి

సాక్ష్యాల సమయంలో మైక్ ఎవరి చేతికి వెళ్తుందో గమనించండి. వీసా వచ్చినవాళ్లు, ప్లాట్ కొన్నవాళ్లు, అబ్బాయికి గ్రూప్స్‌లో జాబ్ వచ్చినవాళ్లు. సంతోషమే, దేవునికి వందనాలు చెప్పాల్సిందే. కానీ పదేళ్లుగా మంచాన ఉన్న భర్తని చూసుకుంటూ ప్రతి ఆదివారం ఆలస్యంగా వచ్చి వెనక చాప మీద కూర్చునే ఆవిడకి మైక్ ఎప్పుడిచ్చాం? ఆశీర్వాదమంటే కారూ కోట్లూ అనే ప్రసంగాలు రోజూ వింటుంటే, ఏమీ రానివాడు "నాలోనే ఏదో శాపం ఉంది" అనుకుంటాడు. అలాంటి ప్రసంగాలు వినడం మానేయండి. మొహమాటం లేకుండా చెప్తున్నాను, ఎంత పెద్ద సేవకుడైనా సరే. పౌలు జైలు నుంచి ఉత్తరాలు రాశాడు, తొలి సంఘంలోని స్తెఫను విశ్వాసం కోసం రాళ్ల దెబ్బలతో చనిపోయాడు, వాళ్లెవరూ ఆశీర్వాదం తప్పిపోయినవాళ్లు కాదు.

మన తెలుగు నేల మీద సువార్త ఎలా నిలబడిందో తెలుసుకుంటే కూడా వెన్ను నిటారు అవుతుంది. ఒంగోలులో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ తన జ్ఞాపకాల్లో చెప్పుకున్న సంగతి ఒకటుంది. మొదట్లో అగ్రకులాలవాళ్లు ఆసక్తి చూపించారు, మాదిగలు రావడం మొదలయ్యేసరికి, వాళ్లని చేర్చుకుంటే మేం రాం అన్నారు. ఏం చేయాలో తోచక ఆయనా, ఆయన భార్యా వేర్వేరుగా బైబిల్ తెరిస్తే ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 1వ అధ్యాయంలోని ఒకే భాగం వచ్చిందట, లోకం ఎన్నికలేనివారని, అంటే లెక్కలోకి రానివారని, అనుకున్నవాళ్లని దేవుడు ఏర్పరచుకున్నాడని. ఆయన మాదిగపల్లెల వైపే నిలబడ్డాడు. 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో ఒక భాగం కాంట్రాక్టుకి తీసుకుని జనానికి పని కల్పించాడు, అన్నం కోసం మతం మారారన్న మాట రాకూడదని ఆ కాలంలో బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు సద్దుమణిగాక, 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఊరి బావి దగ్గరికి రానివ్వని మనుషులు, చెప్పులేసుకుని వీధిలో నడిస్తే తప్పన్న మనుషులు, ఒకరి తర్వాత ఒకరు ఏట్లోకి దిగి, దేవుని కుమారులు, కుమార్తెలు అనిపించుకుని బయటికి వచ్చారు. మనలో చాలామందికి వాళ్లు ముత్తాతలు, ముత్తవ్వలు. విలువ గురించి ఎవరో వచ్చి మనకి కొత్తగా నేర్పాల్సిన పనిలేదు, మన ఇళ్లలోనే ఆ చరిత్ర ఉంది.

అందుకే ఇప్పుడు మన సంఘాల్లో జరిగేది చూస్తే కడుపు మండుతుంది. "మీరు ఏ మిషన్?" అని అడిగి దాన్నిబట్టి కులం పసిగట్టేవాళ్లున్నారు, పెళ్లి బయోడేటాల్లో "బాప్తిస్మం పొందిన" అనే మాట పక్కనే కులం పేరు ఉంటుంది. డోర్నకల్ బిషప్ అజరయ్య, 1912లో భారతీయుల్లో మొట్టమొదటి ఆంగ్లికన్ బిషప్ అయినవాడు, అంతకు రెండేళ్ల ముందు ఎడిన్‌బరోలో తెల్లదొరల మిషనరీ మహాసభలో లేచి, మీరు పేదల కోసం ఆస్తులిచ్చారు, కాల్చబడడానికి మీ దేహాలు కూడా ఇచ్చారు, మాకు ప్రేమ కావాలి, స్నేహితుల్ని ఇవ్వండి అని అడిగాడు. దయ చూపించడం వేరు, పక్కన కూర్చోబెట్టుకోవడం వేరని అంతమంది ముందు చెప్పగలిగాడు. తెల్లవాళ్లని ఆయన అడిగినదే ఇవాళ మన సంఘంలో ఇంకొకరు మనల్ని అడుగుతూ ఉండొచ్చు.

7. ఇంకొకరి విలువ మీ చేతిలో పెట్టారనుకోండి

పై పనులన్నీ చేసి కూడా మీరు మీ చుట్టే తిరుగుతుంటే ఎక్కడో ఆగిపోయినట్టే. ఈ వారం నుంచే చేయదగినవి కొన్ని చెప్తాను.

మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ పేరు, ఆయన భార్య పేరు, వాళ్ల పిల్లలు ఏం చదువుతున్నారో తెలుసుకోండి. పనిమనిషికి వేరే గ్లాసు పెట్టే అలవాటు ఇంట్లో ఉంటే ఇవాళే తీసేయండి, అత్తగారు ఏమంటారో అని చూడొద్దు, ఆవిడకి మర్యాదగా చెప్పండి. మన సంఘానికి కొత్తగా వచ్చినవాళ్లు ఎక్కడ కూర్చున్నారో చూసి పక్కకి వెళ్లి కూర్చోండి. బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి చోటు, మాసిన బట్టలవాడికి కింద చోటు ఇవ్వడాన్ని యాకోబు పత్రిక 2వ అధ్యాయం ఎలా కడిగేసిందో చదివి వెళ్లండి.

పిల్లల దగ్గర ఇంకా జాగ్రత్త. రిజల్ట్స్ వచ్చే రోజు, నెట్‌లో హాల్ టికెట్ నంబర్ కొట్టే ముందు, పిల్లవాణ్ణి దగ్గరికి పిలిచి, "మార్కులు ఎన్నొచ్చినా రాత్రికి మనం కలిసి అన్నం తింటాం, నువ్వు నా బిడ్డవి" అని చెప్పండి. ముందే చెప్పాలి. వచ్చాక చెప్తే అది ఓదార్పు అవుతుంది, ముందు చెప్తేనే వాడికి నిజంగా అర్థమవుతుంది. ప్రతి ఏడాదీ రిజల్ట్స్ తర్వాత పేపర్లలో వచ్చే వార్తలు మీరూ చదువుతున్నారు, కాబట్టి దీన్ని చిన్న విషయంగా తీసుకోకండి.

కట్నం సంగతి. అబ్బాయి ఉద్యోగాన్ని బట్టి రేటు కట్టి, పాస్టర్ గారి చేత ప్రార్థన చేయించి మొదలుపెట్టే పెళ్లిలో అమ్మాయికీ విలువ లేదు, అబ్బాయికీ లేదు, ఇద్దరికీ ధర మాత్రమే ఉంది. దేవుని స్వరూపంలో స్త్రీనీ పురుషుణ్ణీ సృష్టించాడని నమ్మే ఇంట్లో అది జరగకూడదు. మీ ఇంట్లో పెళ్లి ఈడు అబ్బాయి ఉంటే మీరే ముందు అనండి, మాకొద్దు అని.

8. ఏమీ అనిపించని రోజులొస్తే

ఇవన్నీ చేస్తున్నా లోపల ఖాళీగా ఉండే రోజులు వస్తాయి. వచనం చదువుతారు, అక్షరాలే కనిపిస్తాయి. కంగారు పడకండి. నా ప్రాణమా ఎందుకు కుంగిపోయావు అని తనని తాను అడుక్కున్న కీర్తన 42 బైబిల్లోనే ఉంది, చీకటి అనే మాటతోనే ముగిసిపోయే కీర్తన 88 కూడా ఉంది. అలాంటి ప్రార్థనల్ని దేవుడు తన గ్రంథంలో నుంచి తీసేయలేదు. మీ దగ్గర మాటలు లేని రోజు వాటినే చదవండి, సరిపోతుంది.

ఏలీయా ప్రవక్త సంగతి చూడండి, రాజులు మొదటి గ్రంథం 19. కర్మెలు కొండ మీద అంత గెలుపు గెలిచినవాడు, రాణి యెజెబెలు చంపిస్తానని కబురు పెట్టగానే పారిపోయి, అడవిలో ఒక రోజు ప్రయాణం చేసి, ఒక చెట్టు కింద కూలబడి, "నా పితరులకంటె నేను ఎక్కువవాడను కాను", నా ప్రాణం తీసుకో అన్నాడు. దేవుడు ఆయనకి ఉపదేశం చేయలేదు, నీ విశ్వాసం ఏమైంది అనలేదు. నిద్రపోనిచ్చాడు. దూత వచ్చి తట్టి లేపితే, తల దగ్గర నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు. తిని మళ్లీ పడుకున్నాడు. రెండోసారి లేపి, నీ శక్తికి మించిన ప్రయాణం ఉంది, లేచి తిను అన్నాడు. మాటలు ఆ తర్వాత ఎప్పుడో హోరేబు కొండ దగ్గర. అక్కడ, నేనొక్కడినే మిగిలాను అంటే, ఇంకా ఏడు వేలమంది ఉన్నారని చెప్పాడు, తోడుగా ఎలీషాని చూపించాడు. తిండి, నిద్ర, మనిషి తోడు. మీరు కుంగిపోయినప్పుడు ఈ మూడింట్లో ఏది తగ్గిందో ముందు చూసుకోండి.

రెండు వారాలు దాటినా నిద్ర పట్టకపోతే, ఏ పనీ చేయబుద్ధి కాకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. చనిపోవాలనే ఆలోచన ఒక్కసారి వచ్చినా రెండు వారాలు ఆగొద్దు, ఆ రోజే ఎవరో ఒకరికి చెప్పండి. ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబర్ 14416, డబ్బులు కట్టక్కర్లేదు, రాత్రయినా పగలైనా ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు. డిప్రెషన్ అనగానే దయ్యమనీ, రహస్య పాపమనీ తేల్చేసేవాళ్లు మన మధ్య ఉన్నారు, వాళ్ల మాట విని మందులు ఆపేయొద్దు. షుగర్‌కి మాత్ర వేసుకున్నప్పుడు ఎవరూ విశ్వాసం గురించి అడగరు కదా, దీనికీ అంతే. డాక్టర్ దగ్గరికి ఒక్కరే వెళ్లడం కష్టంగా ఉంటే సంఘంలో మీకు నమ్మకమైన అన్ననో అక్కనో తోడు రమ్మనండి. పాస్టర్ గారికి చెప్పాలనిపిస్తే చెప్పండి, ప్రార్థన చేయించుకోండి, డాక్టర్ రాసిన చీటీ కూడా ఆయనకి చూపించి, మందులు టైముకి వేసుకుంటున్నావా అని వారానికోసారి ఫోన్ చేసి అడగమనండి.